మనసు పెట్టండి సార్!

నేను పండితుణ్ణి కాను. కోయంబత్తూరులో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్ఫై యేళ్ళుగా వాళ్ళ డబ్బు వీళ్ళకూ, వీళ్ళ డబ్బు వాళ్ళకూ లెక్క రాస్తూ కాలం గడిపినవాణ్ణి. తెలుగు నేను బడిలో చదవలేదు. ఇంట్లో అవ్వ దగ్గర చెవులతో నేర్చుకున్నదే. అక్షరాలు మాత్రం పెళ్ళయిన తరువాత మా ఆవిడతో పోటీపడి నేర్చుకున్నాను. ఆమెది మధురై. పోటీలో గెలిచింది ఆమే. ఈ వ్యాసంలో అచ్చుతప్పులు లేకపోతే ఆ పుణ్యం ఆమెదే.

అలాంటివాణ్ణి పట్టుకుని మన పత్రిక సంపాదకులు "మీ కోవై, మధురై తెలుగు గురించి ఏదైనా రాయండి" అన్నారు. మొత్తం తెలుగును మోయడం నా వల్ల కాదు. అందుకని ఒకే ఒక్క మాట తీసుకుంటాను. ఆ మాట "మనసు".

ఇదే ఎందుకంటే, మన ఇళ్ళల్లో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నలిగే మాట ఇది. పైగా తమిళంలోనూ ఇది మనసే. వేరే మాటలైతే జాగ్రత్తపడతాం. "కాయ" అన్నా "కాయ్" అన్నా ఏది తెలుగు, ఏది తమిళం అని ఒక్క క్షణం ఆలోచిస్తాం. మనసు దగ్గర ఆ ఆలోచనే రాదు. రెండు వైపులా ఒకే మాట కదా అని ధీమాగా వాడేస్తాం. అక్కడే చిక్కు. నాలుగు వందల యేళ్ళకు పైగా తమిళుల మధ్య కాపురం చేసిన మన మనసు, గుంటూరులో, వరంగల్లులో ఉన్న మనసు కంటే కొంచెం మారింది. బయటికి మాత్రం అదే ముఖం.

దూరదేశాల నుంచి ఈ పత్రిక చదివేవారి కోసం మా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. విజయనగరం కాలంలో దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్ళ సంతానం మేము. మధురైలో విశ్వనాథ నాయకుని పాలన 1529లో మొదలైందంటారు. అక్కడి మహలు కట్టించిన తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. రాజ్యాలు పోయాయి, మనుషులు మిగిలారు. కోయంబత్తూరు చుట్టుపక్కల నాయుళ్ళు, రెడ్లు, తెలుగు చెట్టియార్లు, అరుంధతియారులు, మధురైకి దక్షిణాన నల్లరేగడి పల్లెల్లో కంబళత్తు నాయకర్లు, ఇలా ఎందరో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ బతుకుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మా మాతృభాష అని రాయించినవారు 42 లక్షల పైచిలుకు. ఆ నల్లరేగడి పల్లెల్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగువారు, రాతలో తమిళ రచయిత. మనవాళ్ళ వలస కథను 1976లో "గోపల్ల గ్రామం" అనే నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన ఆ ప్రాంతపు పలుకుబళ్ళను ఏరి ఒక నిఘంటువు కూడా చేశారు. 2021లో పోయారు. అలాంటి పని మన తెలుగు మాటలకు చేసిన మనిషి మా వైపు ఇంకా కనబడలేదు. బ్యాంకు ఆఫీసరు కలం పట్టడానికి అదొక సాకు అనుకోండి.

మనసు సంస్కృతం నుంచి వచ్చిన మాటే. "మన్" అంటే తలచడం అనే ధాతువు. మననం, మంత్రం, మతి అన్నీ దాని పిల్లలే. ఇంగ్లీషువాళ్ళ "మైండ్" కూడా ఆ ఇంటికి దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. శాస్త్రాలు మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం అని లోపలి మనిషిని నాలుగు గదులుగా విడదీశాయి. మా అవ్వకు ఆ విభజన తెలియదు. ఆమెకు అన్నీ కలిసి ఒకే పెద్ద వసారా. ఆశ పుట్టేదీ అక్కడే, జ్ఞాపకం ఉండేదీ అక్కడే, కోపం దాచేదీ అక్కడే.

బయట ఉన్న తెలుగువారిలో మనసుతో ఎక్కువగా మాట్లాడినవారు త్యాగయ్యగారు. 1767లో పుట్టి 1847లో పోయిన ఆ మహానుభావుడు బతుకంతా కావేరి గట్టున, తమిళుల మధ్య గడిపాడు. ఆ లెక్కన ఆయనా మన బాపతే. మనసును "మనసా" అని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బతిమాలి, మందలించి, బుజ్జగించి పాడిన కీర్తనలు ఆయనవి ఎన్నో ఉన్నాయి. తంజావూరు వైపు తమిళ సంగీత విద్వాంసులకు తెలుగులో బాగా తెలిసిన సంబోధన ఏదంటే బహుశా ఇదే అయి ఉంటుంది.

ఇక వాడకం సంగతికి వస్తాను. చిన్నప్పుడు ఎక్కాలు ఒప్పజెప్పడం దగ్గరే తేడా మొదలు. ఆంధ్రలో పిల్లవాడు ఎక్కాన్ని "కంఠతా" పడతాడు, లేదా "నోటికి" నేర్చుకుంటాడు. మేమైతే "మనప్పాడం" చేస్తాం. ఇది తమిళుల మాట, మనసులో పాఠం అని. ఇంగ్లీషువాడు దాన్నే గుండెతో నేర్చుకుంటాడు. పదమూడో ఎక్కాన్ని ఎక్కడ దాచుకోవాలనే విషయంలో తెలుగువాడు గొంతునూ, తమిళుడు మనసునూ, తెల్లవాడు గుండెనూ నమ్ముకున్నారన్నమాట. నాకు మాత్రం పదమూడో ఎక్కం ఈ మూడు చోట్లా నిలవలేదు. క్యాలిక్యులేటరు వచ్చి కాపాడింది.

బుద్ధి కూడా ఇలాంటిదే. మా వైపు "అవ్వ బుద్ధి చెప్పింది" అంటే పక్కన కూర్చోబెట్టుకుని మంచి మాట చెప్పిందని అర్థం. తమిళంలో "బుద్ధి సొల్లుదల్" అదే. హైదరాబాదు పేపర్లో "ఓటర్లు బుద్ధి చెప్పారు" అని పెద్ద అక్షరాలతో చూసినప్పుడు మా పెదనాన్న, "ఎంత మర్యాదైన జనమప్పా, ఎలక్షన్లో కూడా సలహా చెప్పినారు" అని మెచ్చుకున్నాడు. పాత తెలుగులో బుద్ధి చెప్పడమంటే హితవు చెప్పడమే. అక్కడ అది చెంపదెబ్బగా మారింది, ఇక్కడ మేము పాత అర్థాన్ని పోనివ్వలేదు. మనది కల్తీ తెలుగని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ ఉదాహరణ తీస్తాను.

ఇప్పుడు అసలు కథ. ఇది 2003లో జరిగింది. వరసగా వానలు లేని రోజులవి. కోయంబత్తూరు జిల్లాలో కొబ్బరిచెట్లు నిలువునా ఎండిపోయాయి. నేను అప్పుడు జిల్లాలో ఒక బ్రాంచిలో లోన్ల సెక్షను చూస్తున్నాను. మా బ్రాంచికి గుంటూరు వైపు నుంచి కొత్త మేనేజరు బదిలీ మీద వచ్చారు. తమిళం ఒక్క ముక్క రాదు. పరాయి చోట ఎలాగా అని దిగులుగా ఉన్న ఆయనకు, మొదటి వారంలోనే తెలుగు మాట్లాడే రైతు ఒకాయన కౌంటరులో కనబడేసరికి ప్రాణం లేచివచ్చింది. కాఫీ తెప్పించారు, కుర్చీ వేయించారు.

ఆ రైతు నాకు వరసకు మామ. ఆరెకరాల కొబ్బరితోట. పాత బావి ఎండిపోయింది. బోరు వేయడానికి లోను కావాలి. కాగితాలన్నీ మేనేజరు టేబులు మీద పెట్టి, చేతులు జోడించి, మా వైపు ఎవరైనా అనే మాటే అన్నాడు: "సార్, మీరు మనసు పెట్టాల. మీరు మనసు పెడితే చాలు, అయిపోతాది."

మేనేజరుగారు ఎంతో ఆప్యాయంగా, "తప్పకుండా పెడతానండీ. మనసు పెట్టే చూస్తాను. మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు.

మీలో కొందరికి ఇక్కడేం జరిగిందో అర్థమై ఉంటుంది. తమిళంలో "మనసు వైయుంగ" అంటే దయచూపి ఈ పని చేసిపెట్టండి అని. పెద్దవాడు "మనసు వెక్కిరేన్" అన్నాడంటే పని అయిపోయినట్టే. మా తెలుగులో "మనసు పెట్టడం" అంటే అదే. గుంటూరులో మనసు పెట్టడమంటే శ్రద్ధగా చూడటం. "మనసు పెట్టి చదువు" అని పిల్లలకు చెబుతారే, అది. ఆయన శ్రద్ధగా చదువుతానన్నారు. ఈయన లోను ఇస్తానన్నారని విన్నాడు. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. నేను ఆ రోజు వేరే ఊరికి ఇన్‌స్పెక్షనుకు వెళ్ళి ఉన్నాను. ఇదంతా తరువాత ఇద్దరి నోటా విన్నదే.

మామ ఇంటికి వెళ్ళే దారిలోనే బోరు ఏజెంటుకు ఫోను చేశాడు. మూడో రోజు రాత్రి తిరుచెంగోడు బోరు బండి తోటలోకి దిగింది. తెల్లవార్లూ మోత. 580 అడుగుల దగ్గర తడి తగిలింది, 620 దాకా వేశారు. రెండించుల నీళ్ళు పడ్డాయి. ఆ కరువులో రెండించుల నీళ్ళంటే ఊరంతా వచ్చి చూసింది. అత్తమ్మ ఆ నీళ్ళకు పసుపు కుంకుమ వేసి దండం పెట్టింది. బోరువాళ్ళకు ఇవ్వాల్సింది నలభై వేల పైచిలుకు. డబ్బు చేతికి రానిదే బండి కదలదు.

ఇక్కడ బ్యాంకులో మేనేజరుగారు నిజంగానే మనసు పెట్టి చూశారు. పాత సొసైటీ అప్పు ఒకటి తీరకుండా ఉండటం కనబడింది. ఆ రోజుల్లో బాకీ లేదనే సర్టిఫికెట్టు రాకుండా కొత్త లోను ఇవ్వడం కుదరదు. కాగితాలు పక్కన పెట్టి, ఒక ఉత్తరం టైపు చేయించారు.

మర్నాడు బ్యాంకు తలుపు తీసేసరికి మామ నిలబడి ఉన్నాడు. పక్కన బోరు సూపర్వైజరు. వెనక అత్తమ్మ.

"సార్, మనసు పెడతానని మాట ఇచ్చినారే!"

"పెట్టానండీ! మనసు పెట్టి ప్రతి కాగితం చదివాను. అందుకే ఆ బకాయి బయటపడింది."

మామ ముఖం చూడలేకపోయాను. మాట తప్పినవాడు ఎదురుగా కూర్చుని, మాట తప్పానని గర్వంగా చెబుతున్నట్టు ఆయనకు వినబడింది. మేనేజరుగారికేమో, శ్రద్ధగా పని చేసినందుకు ఈ పెద్దమనిషి ఎందుకు కోప్పడుతున్నాడో అర్థం కాలేదు. నేను మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ మాట ఈయనకు ఇలా, ఈ మాట ఆయనకు అలా అని విడదీసి చెప్పాను. తమిళం నుంచి హిందీకి, హిందీ నుంచి ఇంగ్లీషుకు అనువాదం చేసే ఆఫీసర్లు మా బ్యాంకులో చాలామంది ఉన్నారు. తెలుగు నుంచి తెలుగుకు చేసినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

అర్థమయ్యాక ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. బోరు సూపర్వైజరు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు అత్తమ్మ లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. సబ్బు నీళ్ళతో తడిసిన చేతితో, నాలుగు గాజులు తెచ్చి టేబులు మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. నగలు తూచేవాడు పదకొండింటికి వచ్చాడు. నగల లోనుకు సొసైటీ బాకీ అడ్డం కాదు గనుక, మేనేజరుగారు మధ్యాహ్నం లోపలే డబ్బు చేతికిచ్చారు. ఆ గాజులు విడిపించడానికి వాళ్ళకు రెండేళ్ళు పట్టింది. తోట బతికింది.

ఆ ఇద్దరి మధ్య ఇంకో మాట కూడా నలిగింది. నెల తరువాత మామ ఒక సంచీడు కొబ్బరికాయలు తెచ్చి, "సార్, మన ఇద్దరి మధ్య మనస్తాపం వద్దు" అన్నాడు. మేనేజరుగారు కంగారుపడి, "అయ్యో, నాకెందుకండీ మనస్తాపం! మనస్తాపం కలిగింది మీకు కదా" అన్నారు. తెలుగులో మనస్తాపమంటే మనసు కాలిపోవడం, లోలోపల కుమిలిపోవడం. అది ఒక్కరికే కలుగుతుంది. తమిళంలో మనస్తాపమంటే ఇద్దరి మధ్య వచ్చే పొరపొచ్చం, మీ మనస్పర్థ. ఒకే మాట అక్కడ ఒంటరిది, ఇక్కడ జంటది. నాకైతే మా వాడకమే కొంచెం ఇష్టం. తాపం ఒకరి మనసులో పుట్టినా, దానికి కారణం రెండోవాడు ఎక్కడో ఉంటాడు గదా. ఇది భాషాశాస్త్రం కాదు, ముప్ఫై యేళ్ళు కౌంటరుకు ఇవతల కూర్చున్నవాడి అభిప్రాయం.

ఆ తరువాత మేనేజరుగారు నన్ను అడిగారు, "మరి మీ మామ ఏమని అడిగి ఉంటే నాకు సరిగ్గా అర్థమయ్యేదండీ?" అని. "పెద్ద మనసు చేసుకోండి" అంటే సరిపోయేది. అది రెండు చోట్లా ఒకటే. తమిళులు "పెరియ మనసు పణ్ణుంగ" అంటారు. పెద్ద మనసు విషయంలో రెండు భాషలకూ పేచీ లేదు. మనస్సాక్షి విషయంలోనూ లేదు, "మనసాట్చి" అంటారు అంతే. మనసారా అన్నా "మనమార" అన్నా ఒకటే. "మనసులో పెట్టుకోవద్దు" అంటే కోపం దాచుకోవద్దని రెండు ఊళ్ళల్లోనూ తెలుసు.

ఇంకో తమాషా చెప్పి ముందుకు వెళతాను. మనశ్శాంతికి తమిళులు రోజూ వాడే మాట "నిమ్మది". ఇది మన నెమ్మదే. తెలుగు, కన్నడాల వైపు నుంచి అక్కడికి చేరిన మాట. మాటలో మది కనబడుతూనే ఉంది చూడండి. దాన్ని తమిళులకు ఇచ్చి, మనం సంస్కృతపు మనశ్శాంతిని తెచ్చుకున్నాం. నెమ్మదిని బస్సులకూ ఎద్దులబండికీ వదిలేశాం. విజయవాడలో "నెమ్మదిగా ఉండండి" అంటే తొందరపడవద్దని. మధురైలో మా అత్తగారు "నిమ్మదిగా ఉండండి" అని దీవిస్తే, ఏ చీకూ చింతా లేకుండా బతకమని. ఒంట్లో బాగా లేనివారిని "ఇప్పుడు నెమ్మదించిందా?" అని అడిగే పాత అలవాటు ఆంధ్రలో పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది. అది మా అర్థానికి దగ్గర.

సినిమావాళ్ళను కూడా ఒక్క మాట తలుచుకోవాలి. మనసు మీద అన్ని పాటలు రాసి "మనసు కవి" అనిపించుకున్న ఆచార్య ఆత్రేయగారు (1921–1989) మద్రాసులోనే ఉండి రాశారు. 1964లో వచ్చిన "మూగమనసులు" మా అమ్మ తరం కోవైలో చూసి ఏడ్చిన సినిమా. దాన్నే హిందీలో 1967లో "మిలన్" అని, తమిళంలో 1971లో "ప్రాప్తం" అని తీశారు. తమిళంలో మనసు అనే మాట అచ్చంగా ఉన్నా పేరులోకి మాత్రం రాలేదు. ఎందుకో సినిమావాళ్ళకే తెలియాలి.

ఇక మధురై సంగతి. ఇది సరదా సంగతి కాదు.

మా అత్తగారికి ఇప్పుడు 84 యేళ్ళు. సాత్తూరు వైపు నల్లరేగడి పల్లెలో పుట్టి, పెళ్ళయి మధురై వచ్చి, అరవై యేళ్ళు అక్కడి సంతల్లో తమిళంలో బేరమాడిన మనిషి. బడికి పోలేదు. లెక్క మాత్రం వాళ్ళమ్మ దగ్గర తెలుగులో నేర్చుకుంది, పాలవాడి లెక్క ఎప్పుడూ తప్పలేదు. 2019లో మా మామగారు పోయారు. ఆ తరువాత యేడాదికి ఆమె పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, ఒకే సంగతి నాలుగుసార్లు అడగడం మొదలైంది. ఇరుగుపొరుగు, చుట్టాలు అందరూ ఒకే మాట అన్నారు: మనోవ్యాధి. మొగుడు పోయిన దిగులు. మనోవ్యాధికి మందు లేదనే సామెత మనకు ఉండనే ఉంది. ఆ సామెత పుట్టిన కాలంలో అది నిజమేమో. ఇప్పుడు నిజం కాదు. మనసుకు వచ్చే జబ్బులకు మందులున్నాయి, డాక్టర్లున్నారు, 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం కూడా ఉంది. మన ఇళ్ళల్లో ఇంకా ఆ సామెత చెప్పి కూర్చోబెట్టే పెద్దమనుషులుంటే, దయచేసి వారి మాట వినకండి. మా బావమరిది వినలేదు. తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

డాక్టరు తమిళుడు, వయసులో చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. మతిమరుపు ఎంతవరకు వచ్చిందో చూడటానికి కొన్ని ప్రశ్నలుంటాయి. ఇవాళ ఏ వారం, మూడు వస్తువుల పేర్లు చెబుతాను, కాసేపటికి మళ్ళీ చెప్పండి, నూరులోంచి ఏడు తీసుకుంటూ పొండి, ఇలాంటివి. ఆయన తమిళంలో అడిగాడు. ఆమె నూరులోంచి ఏడు తీయలేక దిక్కులు చూసింది. మా బావమరిది ఉండబట్టలేక, "అమ్మా, నూరు రూపాయల్లో ఏడు రూపాయలు పాలవానికి ఇస్తే?" అన్నాడు. "తొంబై మూడు" అంది. "ఇంకో ఏడు?" "ఎనబై ఆరు." అలా నాలుగు మెట్లు దిగింది. డాక్టరు కలం ఆపి చూశాడు. ఆమె చీటీ పైన "తెలుగు" అని పెద్దగా రాసుకున్నాడు.

తరువాత "ఇప్పుడు మీరు ఎక్కడ ఉన్నారమ్మా?" అన్న ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు నేను మరిచిపోను. "మనిషి ఈడ ఉండాది, మనసు ఆడ ఉండాది" అంది. మనిషిక్కడ మనసక్కడ అని మనం వందసార్లు అనుకునే మాటే. "ఆడ అంటే ఎక్కడ?" అని అడిగితే వాళ్ళ పల్లె పేరు చెప్పింది. ప్రశ్నకు మార్కులు వేయాలంటే అది తప్పు జవాబే.

ఇలాంటి జబ్బులో తరువాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్నప్పటి భాష చివరిదాకా నిలవడం చాలామందిలో చూస్తుంటామని డాక్టరు చెప్పాడు. అలాగే జరిగింది. రెండేళ్ళలో అరవై యేళ్ళ తమిళం కరిగిపోయింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది తెలుగొక్కటే. ఆమె ఇంట్లో మనుమలకు, మనుమరాళ్ళకు సరిగ్గా రానిది కూడా అదే. చూసుకోవడానికి పెట్టిన ఆయమ్మ తమిళమ్మాయి. నీళ్ళు, కూడు, ఎండ, నొప్పి, పాపం ఇలా పన్నెండు మాటలు తమిళ అక్షరాల్లో రాసి వంటింటి గోడకు అంటించుకుంది.

ఆ పన్నెండు మాటల్లో మనసు లేదు, అది తమిళమే గదా అని. నిరుడు అక్కడే తేడా వచ్చింది. అత్తగారు రెండు వారాలు తిండి సరిగ్గా తినలేదు. ఆయమ్మ డాక్టరుకు చూపించడానికి రాసే పుస్తకంలో రోజూ ఒకటే రాసింది, "మనసుల ఇల్లై" అని. అంటే గుర్తు లేదు, తిన్నదో లేదో మరిచిపోతోంది అని. మా బావమరిది ఒక రాత్రి పక్కన కూర్చుని విన్నాడు. ఆమె అంటున్నది "మనసులో లేదు" కాదు. "మనసు లేదు" అంటోంది. మనసులో లేదంటే జ్ఞాపకం లేదని. మనసు లేదంటే తినాలని లేదని, దేని మీదా ఇష్టం లేదని. ఒక్క "లో" తేడా. మరుపుకు ఇచ్చే మందు వేరు, దిగులుకు ఇచ్చే మందు వేరు. మరుపు జబ్బు ఉన్నవారికి దిగులు జబ్బు కూడా రావచ్చునట, రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయట. డాక్టరు ఆ "లో" సంగతి శ్రద్ధగా విని, ఇంకో నాలుగు ప్రశ్నలడిగి మందు మార్చాడు. నెలరోజులకు ఆమె మళ్ళీ తినడం మొదలుపెట్టింది. చారన్నంలో అప్పడం నలుపుకుని.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. చిన్నప్పటి నుంచి తెలుగు అర్థం చేసుకుని తమిళంలో జవాబిచ్చే పిల్ల. మన ఇళ్ళల్లో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పనక్కరలేదు. బడిలో ఇంగ్లీషు, తమిళం. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత తెలుగు చదవాలనుకున్న పిల్లలకూ వీలు తగ్గింది. ఆ సంగతి కోర్టులు, ప్రభుత్వాలు చూసుకుంటున్నాయి. మా అమ్మాయికి బడి గొడవ దాటిపోయింది, అవ్వ గొడవ వచ్చింది. అవ్వ తనను చూసి ఏదో అంటుంది. తమిళంలో జవాబిస్తే, పరాయివాళ్ళను చూసినట్టు ముడుచుకుపోతుంది.

అందుకని నెలకొకసారి శుక్రవారం రాత్రి రైలెక్కి మధురై వస్తోంది. ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. అవ్వ అన్న మాట, ఎప్పుడు అన్నది, అప్పుడు ముఖం ఎలా ఉన్నది, ఇవన్నీ రాస్తుంది. సాయంత్రం అయితే "మనసు నిలవలా" అంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది. అంటే స్థిమితం లేదని, సాయంత్రాలు ఈ జబ్బున్నవారికి అలాగే ఉంటుందని డాక్టరు చెప్పాడు. మా మామగారి ఫోటో చూస్తే "మనసు కలుక్కుమంటాది" అంటుంది. పక్కింటివాళ్ళ పాప వస్తే "మనసు నిండె" అంటుంది. ఆయమ్మ తల దువ్వుతుంటే ఏమీ అనదు, కళ్ళు మూసుకుంటుంది. అది కూడా రాసుకుంది మా అమ్మాయి. ఆ పుస్తకం ఇప్పుడు డాక్టరు కూడా అడిగి చూస్తున్నాడు. గోడ మీద కాగితంలో పన్నెండు మాటలు ముప్ఫై అయ్యాయి, ఈసారి మనసు కూడా చేరింది, "లో"తో ఒకసారి, "లో" లేకుండా ఒకసారి.

అవ్వ మా అమ్మాయిని తన పేరుతో పిలవదు. చిన్నప్పుడు పోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తుంది. మొదట్లో అమ్మాయి, "నేను కాదవ్వా" అనేది. ఇప్పుడు ఆ పేరుకు పలుకుతుంది. పోయిన నెల తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని, "మనసు పెట్టి రామ్మా" అందట. అమ్మాయి రైల్లోంచి నాకు ఫోను చేసి, "నాన్నా, ఇది మీ మేనేజరుగారి మనసు పెట్టడమా, మామ తాత మనసు పెట్టడమా?" అని అడిగింది. మామ మాటే అయి ఉంటుందన్నాను, దయచూసి మళ్ళీ రమ్మని. రెండూ రాసుకుంటాలే అంది.

పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మనసుతో కలిపి అనే మాటలు ఏవైనా ఉంటే, ఏ ఊరివారో, ఏ సందర్భంలో అంటారో రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. తమిళ అక్షరాల్లో రాసినా ఫరవాలేదు, మా ఆవిడ తెలుగులోకి మారుస్తుంది. మా అమ్మాయి పుస్తకంలో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.